కత్తిరించని పదకొండు నిమిషాలు

లోకం విన్న ఆ పాట నాలుగు నిమిషాలు. నా పాత కంప్యూటర్‌లో దొరికింది పదకొండు నిమిషాలు. మిగిలిన ఏడు నిమిషాలను కోసి పక్కన పెట్టింది నేనే. అయినా అందులో ఏముందో పూర్తిగా మరిచిపోయాను.

నకిరేకల్ బస్టాండు వెనక సందులో నాకొక చిన్న షాపు ఉంది. ఇప్పుడు జిరాక్సులు, ఆన్‌లైన్ దరఖాస్తులు చేస్తాను. తెలంగాణ వచ్చిన కొత్తలో మాత్రం మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించడమే ప్రధానమైన పని. ట్రాక్టర్ డ్రైవర్లు, ఆటోవాళ్లు, బత్తాయి లోడు తీసుకుపోయే లారీవాళ్లు కార్డు నా చేతిలో పెట్టి, టీ తాగి వచ్చేలోపు నింపమనేవారు. మైకు ప్రచారాలు కూడా రికార్డు చేసేవాణ్ణి. కొత్త బట్టల దుకాణం, తప్పిపోయిన బర్రె, కంటి వైద్య శిబిరం, అన్నిటికీ నా గొంతే. దానికోసం వెనక గదిలో గోడలకు రెండు పాత గొంగళ్లు వేలాడదీసి ఒక మైకు పెట్టుకున్నాను. ఆ గదినే రికార్డింగ్ స్టూడియో అనేవాణ్ణి.

నా చదువు పదో తరగతితో ఆగింది. ఆ తర్వాతి చదువంతా రోడ్డు అవతల ఉన్న శాఖా గ్రంథాలయంలో జరిగింది. మధ్యాహ్నం షాపులో గిరాకీ ఉండదు. రెండింటి నుంచి నాలుగింటి దాకా అక్కడ కూర్చునేవాణ్ణి. పన్నెండేళ్లలో మూడు తెలుగు బీరువాలు పూర్తిచేశాను. లైబ్రేరియన్ భోజనానికి వెళ్తూ తాళంచెవులు నాకే ఇచ్చేవాడు. డిగ్రీలు చదివినవాళ్లు అర్జీలు రాయించుకోవడానికి నా దగ్గరికి వచ్చేవారు. ఇది గర్వంగానే చెబుతున్నాను, ఎందుకంటే ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నాను.

ఆ బీరువాల్లో జానపద సాహిత్యం మీద ఏడెనిమిది పుస్తకాలు ఉండేవి. వాటిలో ఒక అభిప్రాయం నాకు బాగా నచ్చింది. జానపద గేయానికి ఫలానా కర్త అంటూ ఎవరూ ఉండరని, సమాజమంతా కలిసి దాన్ని తయారుచేస్తుందని. విన్నవాళ్లు తలూపే మాట అది. సందర్భం దొరికినప్పుడల్లా చెప్పేవాణ్ణి.

రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, వానలు పడాల్సిన రోజుల్లో, కట్టంగూర్ పక్క ఊరి నుంచి డిగ్రీ చదివే ఒక అమ్మాయి షాపుకు వచ్చింది. వెంట యాభై ఏళ్ల లోపు మనిషి ఒకామె ఉంది. అమ్మాయి ఆమెను అత్తమ్మా అని పిలిచింది. వరసే తప్ప చుట్టరికం లేదట. పక్క పక్క ఇళ్లు. ఒక్కదాన్నే పంపనని తల్లి అంటే ఈమె తోడు వచ్చింది. ఊళ్లో నాట్లు వేసే ఆడవాళ్ల గుంపుకు ఆమె పెద్ద. వాన లేక నాట్లు మొదలు కాలేదు కాబట్టి ఆమెకు తీరిక ఉంది.

హైదరాబాద్‌లో జానపద పాటలకు వీడియోలు తీసే ఒక ఛానల్ కొత్త గొంతుల కోసం చూస్తోందని, డెమో పంపమన్నారని అమ్మాయి చెప్పింది. నేను ఫ్యాను ఆపాను. చప్పుడు ఎక్కుతుంది కాబట్టి రికార్డింగ్ అప్పుడు ఆపాల్సిందే. అమ్మాయిని మైకు ముందు నిలబెట్టాను. ఆమె వెంట వచ్చిన మనిషి తలుపు పక్కన చాప మీద కూర్చుంది.

మా వైపు మబ్బును మొగులు అంటారు. ఆ పాటలో మొగులును మేనమామను చేసి, శుభకార్యానికి రాకుండా బెట్టు చేస్తున్న మామను పిలిచినట్టు, నారు పసుపెక్కిపోతోందని పిలుస్తారు:

మొగులు మామా, ఎన్నడొస్తవు?
మడిల నారు పండవట్టె, ఎన్నడొస్తవు?

నేను ఎన్నో పాటలు విన్నాను, ఎక్కించాను. మబ్బును మామ అనడం అంతకుముందు ఎక్కడా వినలేదు. దాని అర్థం నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది.

నా పని పద్ధతి ఒకటి ఉండేది. ఒకసారి మొదలుపెట్టాక, పాడేవాళ్లు తడబడినా రికార్డింగ్ ఆపేవాణ్ణి కాదు. ఆపితే కొత్తవాళ్లు ఇంకా బెదురుతారు. అంతా ఎక్కనిచ్చి, తర్వాత అక్కర్లేనిది కోసి, మంచి ముక్కలు అతికించేవాణ్ణి. ఆ రోజూ అదే చేశాను. అమ్మాయి మూడు చోట్ల మరిచిపోయింది. మూడు చోట్లా చాప మీది నుంచి తర్వాతి మాట అందింది. అంతేకాదు, ప్రతి చరణం చివరా ఆమె వంత పాడుతోంది. నాట్లలో ఒకరు ముందు పాడితే మిగతావాళ్లు వంత అందుకుంటారు. ఎవరూ అందుకోకుండా పాట ముందుకు ఎలా పోతుందో ఆమెకు అర్థం కానట్టుంది. ఊరుకోమని రెండుసార్లు చేయి చూపించాను.

పాట అయ్యాక, ఛానల్‌వాళ్లు పంపిన వివరాల కాగితం తీశాం. పాట పేరు, గాయని పేరు, రచన. మూడో గడి దగ్గర అమ్మాయి నా ముఖం చూసింది. నేను గ్రంథాలయంలో చదివినదంతా చెప్పాను. జానపదం అని రాయమన్నాను, కింద సేకరణ అని తన పేరే రాయమన్నాను. ఆమె రాసింది. నేను ఆ పదకొండు నిమిషాలను నాలుగు నిమిషాలు చేసి పంపాను.

ఆ నాలుగు నిమిషాలు విని ఛానల్‌వాళ్లు ఆమెను పిలిచారు. డోలు, కీబోర్డు పెట్టి మళ్లీ పాడించారు. మరుసటి ఏడు ఆ పాట లేని పెళ్లి ఊరేగింపు మా జిల్లాలో లేదు. మహబూబ్‌నగర్ వైపు ఆత్మకూర్ దాకా పనిమీద వెళ్తే అక్కడ కూడా డీజే బండి మీద అదే. ఆ తర్వాత ఆమె ఎన్నో పాటలు పాడింది, వేదికల మీద ఆడింది, ఇప్పుడు ఆమె బొమ్మ ఫ్లెక్సీల మీద మంత్రుల పక్కన ఉంటుంది. మొదటి రికార్డింగ్ నా వెనక గదిలో జరిగిందని షాపుకు వచ్చినవాళ్లందరికీ నేను చెప్పేవాణ్ణి.

రెండేళ్ల కిందట ఒక యువతి ఫోను పట్టుకుని షాపుకు వచ్చింది. తెరమీద ఇంగ్లీషులో ఏదో హెచ్చరిక. చదివి చెప్పమంది. వాళ్ల అత్త నాట్లలో మొగులు మామ పాట పాడుతుంటే వీడియో తీసి పెట్టిందట, రెండు రోజుల్లో అది కనబడకుండా పోయిందట. నేను చదివాను. పాట మీద హక్కు ఛానల్‌ది, వాళ్లు అడ్డు చెప్పారు కాబట్టి వీడియో తీసేశారు, మళ్లీ పెడితే ఖాతా మొత్తం పోవచ్చు. అదే చెప్పాను.

"గా పాట మా అత్తనే కట్టిందంటది, అన్నా."

"జానపదాలకు అందరు గట్లనే అంటరమ్మా," అన్నాను.

ఆమె ఫోను తీసుకుని వెళ్లింది. ఆమె అత్త ఎవరో నేను అడగలేదు. ఇంటికి వెళ్లి ఆమె ఏం చెప్పిందో నాకు తర్వాత తెలిసింది. సారు ఫోన్ల సదివి చెప్పిండు, పాట మనది కాదట, పాడితే కేసు అయితదట. కేసు అనే మాట నేను అనలేదు. అయితే అనలేదని ఇప్పుడు చెప్పడం వల్ల ఏమీ మారదు. ఆ రోజు నుంచి ఆమె అత్త ఆ పాట పాడడం మానేసింది. గుంపులో ఆడవాళ్లు అడిగితే వేరే పాట అందుకునేది. ఆమె మనవలు ఆ పాట ఫోన్లో పెట్టి, గిది నువ్వు కట్టినవా అవ్వా అని నవ్వేవారట.

పోయిన ఎండాకాలం కంప్యూటర్ మార్చాను. పాతదాంట్లో కావలసినవి ఉంటే తీసుకోండి, తర్వాత అన్నీ చెరిపేస్తాను అని మెకానిక్ చెప్పాడు. ఫైళ్లు ఒక్కొక్కటి తెరిచి చూస్తుంటే, కంటి వైద్య శిబిరం ప్రచారానికీ ఒక దుకాణం ప్రారంభానికీ మధ్యన ఆ అమ్మాయి పేరు కనబడింది. కోయని ఫైలు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను.

ముందు సంతోషమే కలిగింది. అంత పేరున్న గాయని మొట్టమొదటి పాట, ఎవరూ విననిది, నా దగ్గర ఉంది. గొంతు సన్నగా, కొంచెం వణుకుతూ ఉంది. వెనక నుంచి అందుతున్న మాటలు విన్నాను. వంత విన్నాను. పాట అయిపోయింది, ఫైలు అయిపోలేదు. నేను ఆపడం మరిచిపోయి ఉంటాను. కాగితం చప్పుడు, తర్వాత నా గొంతు. రెండు నిమిషాలకు పైగా నా ఉపన్యాసమే. కర్త ఉండడు, సమాజమే కర్త. అది అయ్యాక, దూరం నుంచి, చాప మీది ఆమె గొంతు.

"గీ పాట పోయినేడు నాట్లు ఆగినప్పుడు నేనే కట్టిన, తమ్మీ."

దానికి నా జవాబు కూడా ఉంది. "మంచిదక్కా. అందరు గట్లనే అంటరు." తర్వాత నేను నవ్వడం వినిపిస్తుంది. అక్కడ ఫైలు ఆగిపోయింది.

ఆ మాటను నేను రెండేళ్ల కిందట ఆ యువతితో కూడా అన్నాను. దాదాపు అవే మాటల్లో.

ఆ మధ్యాహ్నం గ్రంథాలయానికి వెళ్లి ఆ పుస్తకం తీశాను. నాకు నచ్చిన మాట ఉన్న పేజీ నాకు గుర్తుంది. ఆ మాట అక్కడే ఉంది. కింది పేరాలో ఇంకో సంగతి ఉంది. ప్రతి పాటనూ మొదట ఎవరో ఒకరు కడతారని, నోటి నుంచి నోటికి పోతూ కాలక్రమంలో ఆ పేరు రాలిపోతుందని. ఆ పేజీ నేను ఎన్నిసార్లు తెరిచానో. కింది పేరా చదివిన జ్ఞాపకం లేదు. అందులో చెప్పిన కాలం తరాలది. ఈ పాట పేరు ఒక్క మధ్యాహ్నంలో, నా చేతి మీదుగా రాలింది.

గాయనికి ఫోన్ చేశాను. నాలుగో రోజు ఎత్తింది. ఫైలు పంపి, చివరిదాకా వినమన్నాను. సాయంత్రం తనే చేసింది.

"విన్న అన్నా. గది నేనేనా అనిపిచ్చింది."

పాట అత్తమ్మ కట్టిందని నీకు తెలియదా అని అడిగాను. నా గొంతులో కొంచెం నిందించే ధోరణి ఉందని ఆమెకు తెలిసినట్టుంది.

"ఎందుకు తెల్వదు. మా వాకిట్లనే కట్టింది. నువ్వే చెప్పినవు గదా, దానికి రాసినోళ్లు ఎవలు ఉండరని. నేను పందొమ్మిదేండ్ల పిల్లను, నువ్వేమో గన్ని బుక్కులు సదివినోనివి. నేనేమనుకోవాలె?"

తర్వాత ఆమె ఆ రికార్డింగును బయట పెట్టవద్దని అడిగింది. మూడు చోట్ల మరిచిపోయానని, ఇప్పుడు వింటే నవ్వుతారని. ఛానల్‌తో ఒప్పందం ఉందని, పాట మీద తనకూ ఏ హక్కూ లేదని చెప్పింది. చివరికి, అత్తమ్మ ఏమంటదో మొదలు ఆమెను అడుగు అంది.

మర్నాడు బండి మీద ఆ ఊరికి వెళ్లాను. ఆమె ఇంటి ముందు నీడలో కూర్చుని రాయితో చింతపండు కొట్టి గింజలు తీస్తోంది. నన్ను గుర్తుపట్టింది. కోడలు, అంటే ఆ రోజు ఫోను తెచ్చిన యువతి, గుమ్మంలో నిలబడింది. నేను సంగతి చెప్పి ఫోన్లో రికార్డింగు పెట్టాను. ఆమె దెబ్బలు ఆపలేదు కాబట్టి గొంతు పెంచాల్సి వచ్చింది. రెండో చరణం దగ్గర ఆపమంది.

"గీడ ఊపిరి గుంజింది సూడు. అడుగు ఎనుకకు ఏసినంక గుంజాలె. గోడకు నిలవడి పాడితే గట్లనే అయితది."

నాట్లు వేసేవాళ్లు వెనక్కి నడుస్తారు. పాట ఆ అడుగుకు కట్టింది. ఇది ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

చివరి దాకా వింది. తన మాట వచ్చింది, నా జవాబు వచ్చింది, నా నవ్వు వచ్చింది.

"గది నువ్వే గదా, తమ్మీ?"

"నేనేనక్కా."

"గొంతు మారలే."

కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తప్పు నాదని చెప్పాను. ఈ రికార్డింగు ఉంది కాబట్టి పాట ఆమెదని రుజువు ఉందని, ఎవరికి కావాలంటే వాళ్లకు వినిపించవచ్చని చెప్పాను. రుజువు సంగతి ఆమె పట్టించుకోలేదు. ఆమె అడిగింది ఒకటే.

"ఇప్పుడు పాడితే కేసు కాదా?"

"కాదక్కా."

"ఎవలు చెప్పిన్రు?"

"ఎవరు చెప్పలే. నాకు తెలుసు."

"అప్పుడు గూడ నీకు తెలుసునాయె."

ఆమె మళ్లీ రాయి అందుకుంది. తల ఎత్తకుండానే, పాడిన పోరిని చెప్పమను అంది. నోటితో చెప్పమను. కాయితం వద్దు.

అక్కడి నుంచే గాయనికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి గడప మీద ఉంచాను. ముందు తల్లి మోకాళ్ల గురించి, పక్కింట్లో పడిపోయిన గోడ గురించి, ఎవరి కూతురికో కుదిరిన సంబంధం గురించి మాట్లాడుకున్నారు. నేను అక్కడ లేనట్టే. తర్వాత అవతలి గొంతు మారింది.

"అత్తమ్మా, పాట నీది. నువ్వు కట్టినవు, నాకు నేర్పినవు. నువ్వు పాడితే ఎవడేమంటడు?"

"గీ మాట అప్పుడనకపోతివి."

"అప్పుడు అన్న జెప్పిండు."

"అన్న జెప్తే?"

లైను పోయిందేమోనని నేను వంగి చూశాను. పోలేదు.

"ఏడుస్తున్నవానే?"

"లే."

"తిన్నవా?"

తిన్నానంది. ఏం తిన్నావని అడిగింది. అలా ఆ మాటలు ముగిశాయి.

ఆ తర్వాత జరిగింది తక్కువే. గాయని ఛానల్‌వాళ్లతో మాట్లాడింది. నెల దాటాక వాళ్లు అడ్డు తీసేశారు, కోడలు పెట్టిన వీడియో మళ్లీ కనబడింది. ఛానల్ వీడియో కింద జానపదం, సేకరణ అనే మాటలు మాత్రం అలాగే ఉన్నాయి. ఒప్పందం రాసుకున్నాక మార్చడం కుదరదన్నారట. పదకొండు నిమిషాల రికార్డింగు ఎవరూ వినకుండానే ఉంది. గాయని వద్దంది, కట్టిన ఆమె కూడా అక్కర్లేదంది. ఒక వేదిక మీద పాడబోయే ముందు గాయని, ఈ పాట మా అత్తమ్మ కట్టింది అని చెప్పిందని, జనం కేకల్లో అది సరిగా వినబడలేదని కోడలు నాకు చెప్పింది.

పాట కట్టిన ఆమె మళ్లీ పాడుతోందో లేదో నాకు తెలియలేదు. ఫోన్ చేసి అడగడానికి మొహమాటపడ్డాను. జూలైలో వానలు పడ్డాక, కట్టంగూర్‌లో దరఖాస్తు పని ఉందని నాకు నేను చెప్పుకుని ఆ ఊరివైపు వెళ్లాను. రోడ్డు నుంచి రెండు మడుల అవతల పదిమంది ఆడవాళ్లు వంగి వెనక్కి నడుస్తూ నాటుతున్నారు. బండి ఆపి ఒడ్డు మీదికి వెళ్లి నిలబడ్డాను.

పాడుతోంది. నేను వెళ్లేసరికే పాట నడుస్తోంది. గొంతులో బొంగురు ఉంది, అయినా ఆగడం లేదు. ఆమె ఒక మాట అంటే తొమ్మిదిమంది అందుకుంటున్నారు. నాలుగు నిమిషాలు కాదు, పదకొండు కాదు. మడి ఎంత ఉంటే పాట అంత. నేను ఎప్పుడూ వినని చరణాలు వచ్చాయి. పొలం యజమాని పిసినారితనం మీద ఒకటి, ఆలస్యంగా వచ్చిన అన్నం మూట మీద ఒకటి. అప్పటికప్పుడు కడుతోందని అర్థమైంది. కట్టే ముందు ఒక్క అడుగు సేపు ఆగుతోంది.

నాట్లు వేసేచోట మగవాడు ఊరికే ఒడ్డు మీద నిలబడితే ఆడవాళ్లు అతని మీద పాట కడతారు. ఆ ఆచారం గురించి కూడా నేను చదివాను. ఆమె తల ఎత్తి నన్ను చూసింది. ఒక్క అడుగు సేపు ఆగింది.

బుక్కు సదివిన పంతులొచ్చి ఒడ్డు మీద నిలవడె,
కట్టినామె బురదలుంటె, ఎన్నడొస్తవు?

తొమ్మిదిమందీ నవ్వుతూనే వంత అందుకున్నారు. ఎన్నడొస్తవు మామా, ఎన్నడొస్తవు. మూడుసార్లు అన్నారు. నాలుగోసారికి కోడలు, ఆమె కూడా ఆ వరసలోనే ఉంది, ఒక నారుకట్ట తీసి నా కాళ్ల దగ్గర పడేలా విసిరింది.

చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి దిగాను. మోకాలి దాకా దిగబడింది. ఆమె పక్కన జాగా ఇచ్చింది. చేతిలోని కట్ట నుంచి రెండేసి మొక్కలు తీసి ఎలా గుచ్చాలో చూపిస్తూనే, పాట ఆపకుండా, తర్వాతి చరణానికి పోయింది. నేను వంతలో కలిశాను. ఊపిరి ఎక్కడ తీయాలో ఆ అడుగులతోనే తెలిసింది.

నేను ఒక వరస సగం నాటాను. అది వంకరగా వచ్చింది. వరస చివరన నాటుతున్న ముసలామె వచ్చి, నేను పెట్టిన నారంతా పీకి మళ్లీ పెట్టింది.